మెషినింగ్ చేసిన లాంగ్‌బోర్డ్ ట్రక్కులు: అంత ధర పెట్టే ముందు చేయవలసిన పరీక్షలు

బెంగళూరులో లాంగ్‌బోర్డు (పొడవాటి స్కేట్‌బోర్డు) నడిపేవారిలో చాలామంది కొంతకాలం సాధన చేశాక ఒక ప్రశ్న దగ్గర ఆగుతారు. పోత పోసిన మామూలు ట్రక్కుల (పలక కింద ఇరుసునూ చక్రాలనూ మోసే లోహపు భాగాల) జత 50 నుంచి 70 డాలర్లకు దొరుకుతుండగా, అల్యూమినియం దిమ్మను సి.ఎన్.సి. (కంప్యూటరు నడిపే) యంత్రం మీద చెక్కి తయారుచేసిన జతకు 300 నుంచి 500 డాలర్లు పెట్టడంలో అర్థం ఉందా? నా అభిప్రాయం ముందే చెబుతాను. గంటకు 50 కిలోమీటర్లు దాటిన వేగంతో తరచుగా కొండ దిగేవారికి ఆ ధర న్యాయమైనదే. అంతకు లోపు వేగంతో తిరిగేవారు అందులో పదో వంతు డబ్బును సరైన చోట ఖర్చు చేస్తే వారికి కావలసిన ఫలితం దాదాపు అంతా వస్తుంది. మీరు ఏ కోవకు చెందుతారో కొనకముందే కొలిచి తెలుసుకోవచ్చు.

ముందుగా నిర్మాణం. పలకకు బోల్టులతో బిగించే భాగం బేస్‌ప్లేటు. ఇరుసును మోసే భాగం హ్యాంగరు. ఈ రెండింటినీ కింగ్‌పిన్ అనే 3/8 అంగుళాల బోల్టు కలుపుతుంది. ఆ బోల్టు మీద హ్యాంగరుకు అటొకటి ఇటొకటి పాలీయురిథేన్ బుషింగులు (రబ్బరులాంటి దిండ్లు) ఉంటాయి. హ్యాంగరుకు ముక్కులా పొడుచుకు వచ్చిన పివట్ కొన బేస్‌ప్లేటులోని చిన్న కప్పులో కూర్చుంటుంది. పలకను పక్కకు వంచితే బుషింగు నలిగి, హ్యాంగరు తిరిగి, బోర్డు మలుపు తీసుకుంటుంది. పలక వంపుకీ ఇరుసు మలుపుకీ మధ్య నిష్పత్తిని బేస్‌ప్లేటు కోణం నిర్ణయిస్తుంది. 50 డిగ్రీల ట్రక్కులో ఒక డిగ్రీ వంపుకు ఇరుసు సుమారు 1.2 డిగ్రీలు తిరిగితే, 30 డిగ్రీల ట్రక్కులో 0.6 డిగ్రీలే తిరుగుతుంది.

అసలు సమస్య ఈ భాగాల మధ్య మిగిలిపోయే ఆటలో, అంటే వదులు కదలికలో ఉంది. పివట్ కొన కప్పులో కొంచెం కదలవచ్చు, బుషింగు రంధ్రం కింగ్‌పిన్ కంటే కొంచెం పెద్దదై ఉండవచ్చు, హ్యాంగరులో బుషింగు కూర్చునే గుంట వదులుగా ఉండవచ్చు. ఈ ఆట ఎంత చిన్నదైనా దాని ప్రభావం వేగంతో ఎలా పెరుగుతుందో ఒక లెక్క చూపిస్తుంది. పివట్ దగ్గర 0.3 మి.మీ. ఆట ఉందనుకుందాం. ఆ కొనకూ కింగ్‌పిన్‌కూ మధ్య దూరం 40 మి.మీ. అనుకుంటే, మీరు కోరకుండానే హ్యాంగరు దాదాపు 0.4 డిగ్రీలు తిరగగలదు. రెండు ట్రక్కుల మధ్య 70 సెంటీమీటర్ల దూరం ఉన్న బోర్డు ఆ కోణానికి సుమారు 93 మీటర్ల వ్యాసార్ధమున్న వలయంలోకి మళ్లుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఆ మలుపు మిమ్మల్ని పక్కకు నెట్టే త్వరణం సెకనుకు సెకనుకు 0.2 మీటర్ల లోపే ఉంటుంది కాబట్టి మీకు తెలియనే తెలియదు. 60 కిలోమీటర్ల వేగంలో అదే ఆట దాదాపు 3 మీటర్ల త్వరణాన్ని, అంటే భూమ్యాకర్షణలో మూడో వంతును, హెచ్చరిక లేకుండా పుట్టిస్తుంది. వేగం నాలుగు రెట్లయితే ప్రభావం పదహారు రెట్లవుతుంది. కాళ్లు దాన్ని సరిదిద్దబోయి ఆలస్యంగా ఎదురు తోపు ఇవ్వడం, ఆ తోపును ట్రక్కు మళ్లీ ఆట మేర ఆలస్యంగా అందుకోవడం వల్లే బోర్డు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. 2017లో కెనడాలోని క్యుబెక్‌లో పీట్ కానలీ గంటకు 146.73 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పిన తరహా వేగాలను ఊహిస్తే, మిల్లీమీటరులో పదో వంతుకు ఎందుకు అంత విలువ ఇస్తారో తెలుస్తుంది.

పోతలో ఈ ఆటను పూర్తిగా తీసివేయడం కష్టం. ద్రవరూపంలో అచ్చులోకి వెళ్లిన అల్యూమినియం చల్లారుతూ కుంచించుకుపోతుంది. పైగా ఇరుసును ముందే అచ్చులో నిలిపి దాని చుట్టూ లోహం పోసే పద్ధతిలో, ఆ ఇరుసు అణువంత వంకరగా కుదిరినా తరువాత సరిచేయడానికి వీలుండదు. పోతకు ఎక్కువగా వాడే ఎ356 మిశ్రమంలో సుమారు 7 శాతం సిలికాన్ ఉంటుంది. లోహం అచ్చు మూలల్లోకి బాగా పారడానికి అది తోడ్పడుతుంది, కానీ పోత లోహం సాగే గుణం తక్కువ కాబట్టి గట్టి దెబ్బకు వంగకుండా విరిగే అవకాశం ఎక్కువ. చెక్కి తయారుచేసే ట్రక్కులకు వాడే అల్యూమినియం మిశ్రమాల్లో 6061-టి6 (టి6 అంటే వేడి ప్రక్రియతో గట్టిపరచినది) సుమారు 276 మెగాపాస్కల్స్ ఒత్తిడి వరకు, 7075-టి6 సుమారు 500 వరకు శాశ్వతంగా వంగకుండా నిలుస్తాయి. చెన్నైలో సముద్రం పక్కన నడిపేవారు ఒక విషయం గమనించాలి. 7075లో రాగి పాలు ఎక్కువ, అందువల్ల ఉప్పుగాలికి అది 6061 కంటే త్వరగా చెడుతుంది. అక్కడ పైనున్న ఆనోడైజింగ్ పూత చెక్కుచెదరకుండా ఉండడం ముఖ్యం.

పారిస్, క్యాలిబర్, రాండల్ పేర్లు పోత ట్రక్కులకు తెలిసినవి. ఏరా, సర్ఫ్-రాడ్జ్ చెక్కిన ట్రక్కులకు పేరున్నవి. రోనిన్, రోగ్ రెండు రకాలూ చేశాయి. మధ్యలో మరో తరగతి ఉంది: శరీరం పోతదే అయినా బుషింగు గుంటను, పివట్ కొనను, ఇరుసు పక్కల ముఖాలను యంత్రం మీద తీర్చినవి. ధరకూ ప్రయోజనానికీ పొంతన చూసుకునేవారు వీటిని తేలికగా తీసిపారేయకూడదని నా మాట.

కొనకముందు ఇంట్లో చేయవలసిన పరీక్షలు

బోర్డును తిరగేసి ఒళ్లో పెట్టుకోండి. హ్యాంగరును రెండు కొసల దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ నొక్కుతూ, రెండో మనిషిని పివట్ కప్పు అంచు మీద వేలు ఉంచమనండి. అక్కడ టక్కుమని కదలిక తగిలితే కప్పు అరిగిందని అర్థం. కింగ్‌పిన్ చుట్టూ బుషింగు జారుతుంటే లోపం బుషింగుది. హ్యాంగరు కదలకుండా చక్రం మాత్రమే ఊగుతుంటే ట్రక్కుకు సంబంధమే లేదు, బేరింగుల మధ్య స్పేసరు లేకపోవడమో, పొడవు తప్పుగా ఉండడమో కారణం. 500 డాలర్ల కోరికలు కొన్ని ఈ చిన్న స్పేసరు దగ్గరే తీరిపోతాయి.

తరువాత, అపార్ట్‌మెంటు సెల్లారులో నున్నటి చదును నేల చూసి, మనిషి ఎక్కకుండా బోర్డును మెల్లగా తోయండి. అది ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే, దాన్ని అటు నుంచి ఇటు తిప్పి, అదే దారిలో మళ్లీ తోయండి. ఈసారి కూడా సెల్లారులోని అదే గోడ వైపు పోతే నేల వాలు కారణం. ఎదుటి గోడ వైపు పోతే బోర్డులోనే లోపం ఉంది, బుషింగులు రెండు పక్కలా సమంగా నలగకపోవడమో ఇరుసు వంకరో అయి ఉండాలి.

ఇరుసు వంకరను కంటితో నిర్ణయించకండి. హ్యాంగరు విప్పి, పీణ్యా పారిశ్రామిక వాడలోనో మీ దగ్గరలోనో ఉన్న టూల్‌రూముకు తీసుకువెళ్లి, వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజుతో చూడమంటే అది వారికి చిన్న పని. 0.1 మి.మీ. లోపు తేడా ఉంటే వదిలేయండి. 0.3 దాటితే ఆ హ్యాంగరును వేగానికి వాడకూడదని నా లెక్క. వంగిన ఇరుసును వేడి చేసి సరిచేయించకండి, పగిలిన హ్యాంగరుకు వెల్డింగు పెట్టించకండి. వేడి తగిలిన చోట టి6 లోహం తన బలాన్ని కోల్పోతుంది.

తక్కువ ఖర్చు మార్గం

పై పరీక్షల్లో ఇరుసు తిన్నగా ఉందని తేలితే, మంచి యురిథేన్ పివట్ కప్పులు, మీ బరువుకు తగిన బుషింగులు కొనండి. రిప్‌టైడ్, వెనమ్ వంటి వారి సరుకు 30 నుంచి 40 డాలర్లలో రెండు ట్రక్కులకూ సరిపోతుంది. 65 నుంచి 75 కిలోల బరువున్నవారు 85ఎ నుంచి 88ఎ గట్టిదనంతో మొదలుపెట్టి, ఊగుతున్నట్టు అనిపిస్తే గట్టివాటి వైపు వెళ్లాలి. మెత్తటి బుషింగు పెట్టి నట్టును విపరీతంగా బిగించడం చాలామందికి అలవాటు. దానివల్ల బుషింగు ఉబ్బి, తిరిగి మధ్యకు వచ్చే గుణం పోతుంది. నట్టు వాషరును కదలనివ్వకుండా పట్టి, ఆపైన ఒకటి రెండు చుట్లు మించకుండా ఉంటే చాలు. ఆ తరువాత హ్యాంగరు పక్కల ముఖాలను లేత్ మీద ఇరుసుకు లంబంగా వచ్చేలా సన్నగా తీయించవచ్చు. బేరింగు తిన్నగా కూర్చోవడానికి ఇది నిజంగా పనికొస్తుంది. మంచి టర్నరుకు చూపించి, వీలైనంత తక్కువ లోహం తీయమని చెప్పాలి.

ఎప్పుడు డబ్బు పెట్టాలి

హ్యాంగరు వెడల్పును, కోణాలను మార్చి చూడవలసిన దశకు చేరినవారు చెక్కిన ట్రక్కులు కొనడం సబబు. వేగంగా దిగేవారు ముందు ట్రక్కుకు ఎక్కువ కోణం, వెనుక ట్రక్కుకు తక్కువ కోణం పెడతారు. వెనుక భాగం మందంగా తిరిగితే ఊగుడు అక్కడ మొదలవడం కష్టం. చెక్కిన ట్రక్కుల్లో హ్యాంగరును ఉంచుకుని బేస్‌ప్లేటు మాత్రం మార్చుకోవచ్చు. చాలా నమూనాల్లో ఇరుసు గ్రబ్ స్క్రూలతో (తల లేని చిన్న మరమేకులతో) నిలుస్తుంది, అది వంగితే ఇరుసు ఒక్కటే కొంటే సరిపోతుంది. ఏళ్ల తరబడి వాడేవారికి ధర తిరిగి వచ్చేది ఇక్కడే.

కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీదో, కాలనీ వీధుల్లోనో స్పీడు బ్రేకర్ల మధ్య తిరిగేవారికి ఇవేవీ అవసరం పడవు. అక్కడ గరుకు తారు, చిన్న రాళ్లు పుట్టించే అదురు ముందు ట్రక్కు ఆట లెక్కలోకి రాదు. ఆ డబ్బును మెత్తటి పెద్ద చక్రాల మీద, ముఖాన్ని పూర్తిగా కప్పే హెల్మెట్ మీద పెట్టడం మేలు. మంచి ట్రక్కులు వచ్చాయి కదా అని నంది కొండ రోడ్డుకో, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఘాటుకో వెళ్లి, బస్సులు ఎదురొచ్చే మలుపుల్లో వాటిని పరీక్షించాలనే ఆలోచన ఎవరికీ రాకూడదని గట్టిగా కోరుతున్నాను. వాహనాలను నిలిపివేసిన దారి లేనిచోట వేగమే వద్దు.

యంత్ర పరికరాల సంస్థ హెచ్.ఎం.టి. 1953లో పుట్టిన బెంగళూరులో ఉంటూ, పీణ్యాలోనే చెక్కించుకోకూడదా అని కొందరు అడుగుతారు. నైపుణ్యానికి ఇక్కడ కొదవ లేదు. అయితే ఒక్క జత కోసం ప్రోగ్రాము రాయడం, ఫిక్స్‌చరు తయారుచేయడం, నాలుగైదు వైపుల నుంచి దిమ్మను తిప్పి బిగించడం, చివరకు ఆనోడైజింగ్ అన్నీ కలిపితే ఖర్చు దిగుమతి ధరకు దగ్గరగానో అంతకు మించో పోతుంది. లోపలి మూలల్లో తగినంత గుండ్రదనం లేకపోతే పగులు అక్కడే మొదలవుతుంది. ఇంకొకరి నమూనాను నకలు చేయడం న్యాయమూ కాదు.

విదేశం నుంచి తెప్పిస్తే, వస్తువు ధరకు రవాణా, బీమా కలిపిన మొత్తం మీద కస్టమ్స్ సుంకం, ఆపైన ఐ.జి.ఎస్.టి. పడతాయి. కాబట్టి డాలరు ధర చూసి బడ్జెట్ వేసుకోకండి. హ్యాంగరు వెడల్పు, రెండు బేస్‌ప్లేట్ల కోణాలు, ఇరుసు మర విషయం ఆర్డరుకు ముందే రాతపూర్వకంగా అడగండి. ఇరుసు మర సంగతి చాలామంది పట్టించుకోరు. సాధారణ ఇరుసు 5/16 అంగుళాలది, అంటే 7.94 మి.మీ., అంగుళానికి 24 మరలు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో సులభంగా దొరికే ఎం8 నట్టు చూడడానికి అలాగే ఉంటుంది గానీ దాని మర దూరం 1.25 మి.మీ. బలవంతంగా తిప్పితే ఇరుసు మర పాడవుతుంది. విడి నట్లు ట్రక్కులతోపాటే తెప్పించుకోండి.

వాడినవి కొనేటప్పుడు బుషింగు గుంట అంచునూ పివట్ కొన మొదలునూ పగుళ్ల కోసం చూడాలి. అనుమానం ఉంటే టూల్‌రూములో డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి రంగు ద్రవాన్ని ఇంకించే) పరీక్ష చేయించండి, వెంట్రుకంత పగులు కూడా ఎర్రటి గీతగా బయటపడుతుంది. కింగ్‌పిన్‌ను తీసి అద్దం మీద దొర్లిస్తే వంకర ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

బిగించేటప్పుడు గ్రబ్ స్క్రూలకు నీలం రంగు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేయండి. చక్రం లోపల సరైన స్పేసరు ఉంటే ఇరుసు నట్టును పూర్తిగా బిగించినా చక్రం స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే స్పేసరు పొడవు తప్పు. కొత్త బుషింగులు మొదటి కొన్ని సవారీల్లో సర్దుకుంటాయి కాబట్టి, ఆ తరువాత కింగ్‌పిన్ నట్టును మళ్లీ చూసి, రెండు ట్రక్కుల మీదా బిగువు సరిచేసుకున్నాకే వేగం పెంచండి.