సెల్లు, చార్జింగు – ఐదో పాఠం: చార్జ్ ఎక్కని టార్చ్ (దానికంటే ముందు, కాలిన మీటర్ల సంగతి)

పోయిన పాఠం చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశాను: "చార్జింగ్ కరెంటు ఎంత పోతోందో మీటర్‌తో కొలిచి చూడండి." ఎలా కొలవాలో రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. ఆ ఒక్క వాక్యానికి నాకు తెలిసి ఐదు మల్టీమీటర్లు బలయ్యాయి. ఒకరికి ఎర్ర ప్రోబ్ (మీటర్‌కి గుచ్చే కొలత వైరు) మొన సెల్‌కే అతుక్కుపోయింది. ఇంకొకరి వైరు మెత్తబడి వాసనొచ్చింది. తప్పు నాది. కాబట్టి టార్చ్ సంగతి కాసేపు పక్కన పెడదాం.

జరిగిందేమిటంటే, మీరు కరెంటు కొలవమన్నానని ఎర్ర ప్రోబ్‌ని 10 యాంపియర్ల సాకెట్లో పెట్టి, వోల్టులు కొలిచినట్టే సెల్ రెండు కొసలకీ ఆనించారు. ఆ సాకెట్ వెనక ఉన్నది ఒక మందపాటి తీగ ముక్క. దాని నిరోధం దాదాపు సున్నా. అంటే మీరు సెల్‌ని మీటర్‌తో షార్ట్ చేశారు. మంచి 18650 సెల్ (ఈ టార్చ్‌లలో ఉండే గుండ్రటి లిథియం సెల్) అలాంటప్పుడు పదుల యాంపియర్లు వదులుతుంది. చవక పసుపు మీటర్లలో ఆ సాకెట్ పక్కన ఫ్యూజ్ లేదని అచ్చు వేసే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఎవరూ చదవరు. నేనూ మొదటి మీటర్ కాలాకే చదివాను.

కరెంటు కొలవాలంటే దారి మధ్యలో మీటర్ ఉండాలి. చార్జింగ్ బోర్డు నుంచి సెల్ ప్లస్‌కి వెళ్ళే వైరు తెంపి, తెగిన రెండు కొసల మధ్య మీటర్ పెట్టాలి. నీళ్ళ పైపుకి మీటర్ బిగించేటప్పుడు పైపు కోసే బిగిస్తారు కదా, అలాగ.

ఒకాయన మాత్రం గట్టిగా వాదించారు. "నేను వోల్టులే కొలిచానండీ, డయల్ 20 మీదే ఉంది, అయినా నిప్పురవ్వలు ఎగిరాయి" అని. ఆయన చెప్పింది నిజమే. అంతకుముందు రోజు కరెంటు కొలిచి ఎర్ర ప్రోబ్ 10 యాంపియర్ల సాకెట్లోనే వదిలేశారు. డయల్ ఎక్కడ తిప్పినా ఆ సాకెట్‌కి పట్టదు, తీగ ముక్క తీగ ముక్కే. అందుకే నా అలవాటు చెబుతున్నాను: మీటర్ కింద పెట్టేముందు ఎర్ర ప్రోబ్ మళ్ళీ వోల్టుల సాకెట్లోకి వచ్చి తీరాలి. నా మీటర్‌కైతే 10 యాంపియర్ల సాకెట్ మీద ఇన్సులేషన్ టేపు అంటించేశాను. ఏడాదికి రెండుసార్లు కూడా తీయను.

మీటర్ బతికిందో లేదో చూడాలంటే ఎర్ర ప్రోబ్ వోల్టుల సాకెట్లో పెట్టి కొత్త పెన్సిల్ సెల్‌ని కొలవండి. 1.5 పైన చూపిస్తే వోల్టుల వరకు బాగున్నట్టే. మిల్లీ యాంపియర్ల రేంజ్‌లో పెట్టి కాల్చినవాళ్ళకి లోపలి ఫ్యూజ్ పోయి ఉంటుంది. వెనక మూత తీసి అదే రేటింగ్ ఫ్యూజ్ వేయండి. ఇంట్లో ఫ్యూజ్‌కి చుట్టినట్టు రాగి పోగు చుట్టకండి. ఇక షార్ట్ అయిన సెల్: ఒక్క రవ్వతో వదిలేసి ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంటే దానికి మళ్ళీ చార్జింగ్ పెట్టవద్దు. ఆరుబయట గచ్చు మీద ఒక రోజు ఉంచి, తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

ఇప్పుడు టార్చ్.

టార్చ్ విప్పడం, ప్లస్ మైనస్ గుర్తుపట్టడం రెండో పాఠంలో అయిపోయాయి, మళ్ళీ చెప్పను. యూఎస్‌బీ పిన్ ఉన్న టార్చ్‌ల గురించే మాట్లాడుతున్నాను. నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే పాతరకం టార్చ్‌లలో ఎక్కువగా 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. వాటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, ఒక కెపాసిటర్ మీద నడుస్తాయి. ప్లగ్గులో ఉండగా మూత తీస్తే లోపల ఏది ముట్టుకున్నా 230 వోల్టుల షాకే. అవి ఈ పాఠాల్లోకి రావు.

"చార్జ్ ఎక్కట్లేదు" అని ఎవరన్నా నేను వేసే మొదటి ప్రశ్న: ఏ కేబుల్‌తో? ఇది అడిగితే జనానికి కోపం వస్తుంది. "కేబుల్ బాగానే ఉంది, ఫోన్ ఎక్కుతోంది కదా" అంటారు. సరిగ్గా అక్కడే పడిపోతున్నారు. కాస్త ఓపిగ్గా చదవండి, ఇది నేను ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను.

పాత అడాప్టర్‌కి ఉండే పెద్ద పలక సాకెట్‌ని ఏ-టైప్ అంటారు. అందులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. ఎవరు గుచ్చినా ఇస్తుంది. కొత్త అడాప్టర్లకి ఉండే సి-టైప్ సాకెట్ అలా కాదు. అవతల నిజంగా ఒక పరికరం ఉందని తెలిసేదాకా అందులో వోల్టేజి రాదు. అదెలా తెలుస్తుంది? పరికరం సి పిన్‌లో సీసీ1, సీసీ2 అని రెండు కాళ్ళు ఉంటాయి. ఒక్కో కాలి నుంచి గ్రౌండ్‌కి 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి పెట్టాలి. అడాప్టర్ ఆ రెసిస్టర్‌ని చూసి తలుపు తీస్తుంది. చవక టార్చ్‌ల తయారీదారులు ఆ రెండు రెసిస్టర్లూ మిగుల్చుకుంటారు. పైసల్లో ఉంటుంది వాటి ఖరీదు.

ఫలితం ఏమిటంటే, రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో మీ టార్చ్ చచ్చినట్టు ఉంటుంది. అదే అడాప్టర్, అదే కేబుల్ ఫోన్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కాబట్టి టార్చ్ పోయిందనుకుంటారు. పాత అడాప్టర్ నుంచి ఏ-టు-సి కేబుల్ పెట్టండి, వెంటనే ఎర్ర లైటు వెలుగుతుంది. టార్చ్‌కి ఏ జబ్బూ లేదు.

ఒకరు ట్రిమ్మర్ పోయిందని కొత్తది కొన్నారు, అదీ ఎక్కలేదు. ఇంకొకరు టార్చ్ లోపలి చార్జింగ్ బోర్డు పీకి అదే రకం బోర్డు తెచ్చి సోల్డరింగ్ చేశారు. అందులోనూ ఆ రెసిస్టర్లు లేవు. ఒక సాయంత్రమంతా కూర్చుని కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. మరొకరి నెక్‌బ్యాండ్ ఒక వైపు పెడితే ఎక్కుతుంది, పిన్ తిప్పి పెడితే ఎక్కదు. దెయ్యం పట్టిందన్నారు. రెండు కాళ్ళలో ఒకదానికే రెసిస్టర్ ఉంటే అలాగే ఉంటుంది, ఎందుకంటే కేబుల్‌లో సీసీ తీగ ఒకటే. ఇది చవక సరుకు రోగమే అనుకోకండి. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మొదటి బోర్డుల్లో రెండు కాళ్ళకీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. లోపల చిప్ ఉండే ఖరీదైన సి కేబుళ్ళతో అవి ఆన్ అయ్యేవి కావు. తర్వాత బోర్డు మార్చారు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒకమ్మాయి తన వేప్ (ఈ-సిగరెట్) గురించి అడిగింది, ల్యాప్‌టాప్ చార్జర్‌తో ఎక్కట్లేదని. అదీ ఇదే కథ కావచ్చు, ముందు ఏ-టు-సి కేబుల్‌తో చూడమ్మా. అప్పటికీ ఎక్కకపోతే విప్పకు. అందులో సెల్, ద్రవం, వేడెక్కే తీగ అన్నీ ఒకే గొట్టంలో ఇరికించి ఉంటాయి. వేప్ అమ్మే దుకాణంలోనే తిరిగి ఇచ్చెయ్యి. ఇక్కడివాళ్ళకి ఆ ప్రశ్నే రాకూడదు, 2019 చట్టంతో మన దేశంలో వాటి అమ్మకమే నిషేధం.

ఆ రెసిస్టర్లు మనమే అతికించవచ్చా? అతికించవచ్చు, కానీ ఆవగింజంత ఉంటాయి, మీకు అప్పుడే వద్దు. నేనే చేయను. టార్చ్ మీద మార్కర్‌తో "పాత చార్జర్" అని రాసి ఊరుకుంటాను.

కేబుల్ మార్చినా ఎక్కకపోతే పిన్‌లో దుమ్ము చూడండి. పుల్లతో తీయండి, సూదితో కాదు. ఆ తర్వాతే బోర్డు. ఇలాంటి టార్చ్‌లలో తరచు కనిపించే చిప్ టీపీ4056. ఎర్ర లైటు అంటే ఎక్కుతోంది, నీలం లేదా పచ్చ అంటే నిండింది. సెల్ తగలకపోతే ఎర్ర లైటు మినుకుమంటుంది. చిప్ చుర్రుమంటోందని కంగారు పడకండి. 5 వోల్టులు తీసుకుని 3.7 సెల్‌కి ఇస్తుంది, మిగతాది వేడిగానే పోవాలి. కరెంటు కొలవడానికి బదులు నేను చేసేది కూడా ఇదే, చిప్ మీద వేలు ఆనిస్తాను. కాస్త కాలితే ఎక్కుతున్నట్టు. మీటర్ కాలదు.

ఎర్ర లైటు ఎంతసేపటికీ మారకపోతే టార్చ్ వెలిగించి చార్జింగ్ పెట్టారేమో చూడండి. పెట్టిన రెండు నిమిషాలకే నీలం వచ్చి, టార్చ్ పది నిమిషాల్లో ఆరిపోతోందంటే సెల్ ముసలిదైపోయింది. సెల్ మీద వోల్టులు ఉండి బోర్డు అవుట్‌పుట్‌లో సున్నా వస్తే రక్షణ చిప్ తెంచేసిందని అర్థం. సెల్ దాదాపు 2.4 వోల్టులకి దిగినప్పుడు అలా చేస్తుంది. ఒకసారి చార్జర్ పెడితే తిరిగి కలుపుతుంది. సెల్ 2 వోల్టుల కింద చాలా రోజులు పడి ఉంటే మాత్రం లేపకండి. లోపలి రాగి కరిగి, చార్జ్ ఎక్కించినప్పుడు షార్ట్‌గా తయారవుతుంది.

చాలామంది "సెల్ 4.1 చూపిస్తోంది, బాగుంది" అంటారు. ఏ భారం లేకుండా కొలిస్తే ముసలి సెల్ కూడా 4.1 చూపిస్తుంది. 4.7 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి కొనండి. సెల్‌కి అది తగిలించి ఉండగానే వోల్టులు చూడండి. 4.10 నుంచి 4.03కి దిగితే సెల్ ఆరోగ్యంగా ఉంది. 3.20కి పడిపోతే లోపలి నిరోధమే ఒక ఓమ్ దాటిందన్నమాట, దాన్ని తీసేయండి.

అభ్యాసం. ఈసారి తేలిక కాదు. సెల్ పూర్తిగా నింపి, గచ్చు మీద పెట్టి, అదే రెసిస్టర్ తగిలించండి. రెసిస్టర్ బాగా కాలుతుంది, ముట్టుకోకండి. పది నిమిషాలకోసారి వోల్టులు ఒక కాగితం మీద రాయండి. 3.0 రాగానే రెసిస్టర్ తీసేయాలి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు. వదిలేసి సీరియల్ చూడ్డానికి వెళ్ళొద్దు. అన్ని అంకెల సగటు తీసి 4.7తో భాగించి, పట్టిన గంటలతో గుణించండి. ఉదాహరణకి సగటు 3.6 వచ్చి రెండున్నర గంటలు పట్టిందనుకుంటే, దాదాపు 1.9 యాంపియర్ అవర్లు, అంటే 1900 ఎంఏహెచ్ (మిల్లీ యాంపియర్ అవర్లు). సెల్ మీద 9900 అని రాసి ఉందా? ఆ సైజులో నిజమైన మంచి సెల్ 3500 దగ్గర ఉంటుంది. మీ సెల్ మీద రాసిన అంకె, మీకు వచ్చిన అంకె రెండూ ఆ కాగితం మీదే రాసి దాచండి. ఆరో పాఠానికి ఆ కాగితం కావాలి. ఎర్ర ప్రోబ్ ఏ సాకెట్లో ఉందో ఇంకోసారి చూసుకుని మొదలుపెట్టండి.