పట్టుచీర చేనేతదేనా? నేను చూసే పద్ధతి

విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో పెళ్లి చీరలు కొనాలంటే మా చుట్టాలు నన్ను వెంటేసుకెళ్తారు. నేను ముందు చీర తిరగేస్తాను. మగ్గం మీద బట్టను వెడల్పుగా పట్టే బద్ద సూదులకు అంచుల్లో సన్నని చిల్లులు పడతాయి. మరమగ్గం బట్టకూ అలాంటివి ఉండొచ్చు, కాబట్టి అక్కడితో ఆగకండి.

కంచి కోర్వై (అంచును బాడీతో కలిపి నేసే పద్ధతి) చీర అయితే బాడీ, అంచు కలిసే చోట వెనకవైపు తడమండి. అంచుకు వేరే నాడె (అడ్డపోగు నడిపే సాధనం) వాడి బాడీతో ముడేస్తారు, అందుకే రంగు అక్కడ గీత గీసినట్టు మారుతుంది. మంగళగిరి చీరలో మాత్రం ఒళ్లంతా బుటాలు వెతక్కండి. సాదా బాడీ, నిజాం అంచు అనే జరీ అంచు దాని అందం.

పట్టా కాదా అన్నదే అసలు టెన్షన్. పడుగు (నిలువు) పోగొకటి, పేక (అడ్డం) పోగొకటి అడిగి విడివిడిగా కాల్చండి. పట్టు పడుగులో పాలిస్టర్ పేక కలిపేవాళ్లున్నారు మరి! వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, బూడిద నలిపితే పొడైతే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే కాదు.

సిల్క్ మార్క్ ట్యాగు పట్టుకే హామీ, చేనేతకు కాదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది. బిల్లు మీద ‘ప్యూర్ సిల్క్’ అని రాయమంటే షాపువాళ్లు నసిగితే, పక్క షాపుకి వెళ్లండి.