ఈవెంట్, కన్వెన్షన్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఎలా చదవాలి?

చుట్టాల పెళ్లిలో స్టేజీ పనులు చూసుకున్న అనుభవంతోనో, కళాశాల వార్షికోత్సవాన్ని భుజాన వేసుకుని నడిపిన ఉత్సాహంతోనో ఈ చదువులోకి వచ్చేవారే ఎక్కువ. ఆ ఉత్సాహం అక్కరకు వచ్చేదే కానీ, మొదటి సెమిస్టరు సగం గడిచేసరికి పూలు, రంగు దీపాల స్థానంలో చదరపు మీటర్ల లెక్కలు, ఒప్పంద పత్రాలు, జీఎస్టీ ఇన్వాయిసులు ఎదురై చాలామంది తెల్లబోతారు. ఇది ముందుగా లెక్కల చదువు, ఆ తర్వాత కాగితాల చదువు; అలంకరణ అందులో ఒక పద్దు మాత్రమే. ఈ సంగతి తెలిసే చేరాలనుకుంటున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

1. ముందుగా ఏ వైపు వెళ్లాలో తేల్చుకోండి

పెళ్లిళ్లు, సినిమా ప్రీ రిలీజ్ ఫంక్షన్లు, సంగీత కచేరీలు ఒక వైపు. సదస్సులు, మహాసభలు, వాణిజ్య ప్రదర్శనలు మరో వైపు. ఈ రెండో వైపునే పరిశ్రమలో 'మైస్' అంటారు. మీటింగులు, ఉద్యోగులకు బహుమతిగా ఇచ్చే ఇన్సెంటివ్ యాత్రలు, కాన్ఫరెన్సులు, ఎగ్జిబిషన్లు అనే నాలుగింటి ఆంగ్ల తొలి అక్షరాలు కలిస్తే ఆ మాట వస్తుంది. పెళ్లి పని నెలల్లో ముగుస్తుంది కానీ, ఒక అంతర్జాతీయ వైద్య సంఘం మహాసభను మన ఊరికి రప్పించాలంటే కొన్నేళ్ల ముందే బిడ్ వేయాలి. ఈ రంగంలో 1963 నుంచి పనిచేస్తున్న ఇక్కా అనే అంతర్జాతీయ సంఘం లెక్కలోకి ఒక సమావేశం రావాలంటే అది క్రమం తప్పకుండా జరుగుతూ, కనీసం మూడు దేశాల మధ్య తిరుగుతూ, కనీసం 50 మంది పాల్గొనేదై ఉండాలి. నగరాలు పోటీపడేది ఇలా ఊరూరా తిరిగే సమావేశాల కోసమే.

హైదరాబాదులో ఈ తేడా కళ్లకు కడుతుంది. నాంపల్లిలో జరిగే నుమాయిష్ 1938లో మొదలై ఇప్పటికీ సాధారణంగా జనవరి ఒకటిన తెరుచుకుంటుంది. అది ఊరి జనం కోసం జరిగే ప్రదర్శన. మాదాపూర్ వైపున్న హెచ్ఐసీసీ, అంటే హైదరాబాదు అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ కథ వేరు. 2006లో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2012లో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు దాని ఖాతాలో ఉన్నాయి. వీటిలో ఏ తరహా పని మీకు నిద్ర పట్టనివ్వనంత ఆసక్తి కలిగిస్తుందో తెలిస్తే ఏ కోర్సు ఎంచుకోవాలో సగం తేలిపోయినట్టే.

2. కళాశాలను హాలును బట్టి ఎంచుకోండి

మన దేశంలో ఈ విషయంలో బీబీఏ ఇచ్చేవి ఎక్కువగా ప్రైవేటు కళాశాలలు. కోర్సు పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో ముందు చూడాలి. కొన్ని సంస్థలు డిప్లొమాను డిగ్రీ అన్నట్టుగా ప్రచారం చేసుకుంటాయి. ప్రభుత్వ సంస్థల్లో చదవాలనుకునేవారికి ఇంటర్ తర్వాత రెండు దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వ పర్యాటక విద్యాసంస్థ ఐఐటీటీఎంకు నెల్లూరులో ప్రాంగణం ఉంది; అందులో టూరిజం బీబీఏ ఒకటి. ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాదు ఐహెచ్ఎం (హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ) వంటి చోట హోటల్ మేనేజ్‌మెంట్ బీఎస్సీలో చేరడం మరొకటి. కోర్సు పేరులో ఈవెంట్ అన్న మాట లేదని ఈ రెండింటినీ పక్కన పెట్టడం తొందరపాటు. హోటళ్లలో విందులు, సభలు చూసుకునే బాంక్వెట్ విభాగంలో చెమటోడ్చినవారికి కన్వెన్షన్ హాలు పని కొత్తగా అనిపించదు.

విదేశాలకు వెళ్లదలచినవారు విశ్వవిద్యాలయం పేరు కంటే, దాని చుట్టుపక్కల ఏడాది పొడవునా నడిచే హాళ్లు ఉన్నాయో లేదో చూడడం మేలు. లాస్ వెగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయానికీ, ఓర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు రోజెన్ కళాశాలకూ ఉన్న బలం అదే. ఆ నగరాల్లో పెద్ద ప్రదర్శనశాలలు ఉన్నాయి, విద్యార్థులకు పని దొరుకుతుంది. అయితే అమెరికా వెళ్లే మన పిల్లలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) జాబితాలోకి రాదు కాబట్టి, చదువయ్యాక అక్కడ పని చేసేందుకు ఇచ్చే 12 నెలల ఓపీటీ అనుమతి తప్ప ఇంజినీరింగు స్నేహితులకు దొరికే అదనపు 24 నెలలు దొరకవు. బ్యాంకు రుణం తీసుకునే ముందే ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలియాలి.

జర్మనీలో పద్ధతి పూర్తిగా వేరు. రావెన్స్‌బర్గ్‌లోని డ్యూయల్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనలు, మహాసభలు, ఈవెంట్ల నిర్వహణకే ఒక డిగ్రీ ఉంది. అక్కడ చేరాలంటే ముందు ఒక సంస్థతో ఒప్పందం కుదుర్చుకోవాలి. దాదాపు మూడు నెలలు తరగతి, మూడు నెలలు ఆ సంస్థలో పని అన్న వరసలో మూడేళ్లు గడుస్తాయి, సంస్థ నెలనెలా జీతం ఇస్తుంది. జర్మన్ భాష గట్టిగా రాకపోతే ఆ ఒప్పందం కుదరదు. ఈ చదువుకు అంతకంటే తగిన పద్ధతి నాకు కనిపించలేదు. మనం ఇక్కడే చదువుతున్నా ఆ వరసను మనంతట మనం పాటించవచ్చు.

3. మొదటి ఏడాదిలో హాలు లెక్క, డబ్బు లెక్క కలిపి నేర్చుకోండి

పాఠ్యాంశాల్లో వేదిక నిర్వహణ ఒక పేపరుగా, ఆర్థిక నిర్వహణ మరో పేపరుగా ఉంటాయి. విద్యార్థులు ఏ పేపరుకు ఆ పేపరు చదివి మంచి మార్కులు తెచ్చుకుని, రెండింటినీ కలపవలసిన చోట బోల్తా పడతారు. ఒక చిన్న ఉదాహరణ చేసి చూద్దాం.

హాలు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు అనుకోండి. మొత్తం 600 చదరపు మీటర్లలో స్టేజీ, తెరలు, సౌండ్ కన్సోల్, నడవా దారులకు 150 తీసేస్తే 450 మిగులుతాయి. థియేటర్ పద్ధతిలో వరసగా కుర్చీలు వేస్తే మనిషికి ఒక చదరపు మీటరు చొప్పున 450 మంది పడతారు. అదే హాల్లో గుండ్రటి బల్లలు వేసి పదేసి మందిని కూర్చోబెట్టాలంటే, బల్ల వ్యాసం 1.8 మీటర్లే అయినా, కుర్చీలకు, వడ్డించేవారు తిరగడానికి కలిపి ఒక్కో బల్లకు 3.6 మీటర్ల చదరం, అంటే దాదాపు 13 చదరపు మీటర్లు వదలాలి. అప్పుడు 34 బల్లలు, 340 మంది.

ఇప్పుడు డబ్బు సంగతి. హాలు అద్దె, స్టేజీ, సౌండ్, ఎల్ఈడీ వాల్, వక్తల ప్రయాణాలు కలిపి స్థిర ఖర్చు 12 లక్షలు. భోజనం, కిట్ కలిపి ఒక్కో ప్రతినిధి మీద ఖర్చు 1,800. రిజిస్ట్రేషన్ రుసుము 4,000. మనిషికి మిగిలేది 2,200 కాబట్టి, ఖర్చులు గట్టెక్కాలంటే 546 మంది రావాలి. హాల్లో పట్టేది 450! అంటే హాలు నిండిపోయినా 2,10,000 నష్టం. బల్లల పద్ధతి కావాలని అధ్యక్షులవారు పట్టుబడితే నష్టం 4,52,000. ఆ మొత్తాన్ని స్పాన్సర్ల నుంచో, స్టాళ్ల అమ్మకం నుంచో రాబట్టాలన్న సంగతి బ్రోషర్ అచ్చుకు వెళ్లక ముందే తెలియాలి. పైగా ఆ 4,000లోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉందని తర్వాత తెలిస్తే, మనకు నిజంగా చెందేది 3,390 మాత్రమే. కుర్చీల వరసలోనే మళ్లీ లెక్క వేస్తే నష్టం 4,84,500కు చేరుతుంది. (ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కొన్నవాటిపై కట్టిన జీఎస్టీని మినహాయించుకోవడం వల్ల కొంత ఊరట ఉంటుంది కానీ, ఆ లెక్క అకౌంటెంటు పక్కన కూర్చుని నేర్చుకోవలసినదే.) ఇటువంటి లెక్కను వారానికి ఒకటి చొప్పున, ప్రతిసారీ వేరే హాలు కొలతలతో చేస్తూ ఉండండి. ఏ ఫంక్షన్ హాలుకు భోజనానికి వెళ్లినా అడుగులతో కొలవడం అలవాటవుతుంది. ఇంట్లోవాళ్లు కాస్త విసుక్కుంటారు, అంతే.

4. రెండో ఏడాదిలో అనుమతులనూ జనప్రవాహాన్నీ చదవండి

నియమాలను పరీక్ష కోసం బట్టీ పట్టకుండా, ఒక్కో దాన్ని ఒక్కో కార్యక్రమానికి అన్వయిస్తూ చదివితే గుర్తుంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్ స్పీకర్లు వాడరాదు. ఆడిటోరియం, కాన్ఫరెన్స్ గది, బాంక్వెట్ హాలు వంటి మూసి ఉన్న ప్రాంగణాలకు మినహాయింపు ఉంది. ఆరుబయట సంగీత కార్యక్రమం పెట్టదలచినవారి మినిట్ టు మినిట్ (నిమిషాల వారీ పట్టిక) మొత్తం ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. అలాగే పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో రికార్డు పాటలు వేయడానికి కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉంది కానీ, కంపెనీ వార్షిక విందులో అదే పాట వేయాలంటే లైసెన్సు తీసుకోవాలి.

జనం కదలిక గురించిన పాఠాన్ని మాత్రం ఎక్కడా తేలిగ్గా తీసుకోవద్దు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజునే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ఘటనల గురించి చదివేటప్పుడు ఎవరిది తప్పన్న చర్చకంటే, ఎన్ని దారులు తెరిచి ఉన్నాయి, వచ్చేవారూ వెళ్లేవారూ ఎక్కడ ఎదురుపడ్డారు, వెనుక ఉన్నవారికి ముందు ఏం జరుగుతోందో తెలిసే వీలుందా అని కాగితం మీద గీసుకుంటూ చదవాలి. ఆ తర్వాత మీ కళాశాల ఆడిటోరియం పటం తీసుకుని, ఒక తలుపు మూసుకుపోతే ఏమవుతుందో గీయండి.

5. ప్రతి సెలవుల్లోనూ చేతులు మురికి చేసుకోండి

ఇంటర్న్‌షిప్ కోసం చివరి సంవత్సరం దాకా ఆగనవసరం లేదు. ఒక సెలవుల్లో హోటల్ బాంక్వెట్ విభాగం, మరో సెలవుల్లో ప్రదర్శనల స్టాళ్లు కట్టేవారి దగ్గర, ఇంకో సెలవుల్లో సౌండ్, లైటింగ్ అద్దెకిచ్చేవారి గోదాము అనుకుంటే మూడేళ్లలో పని అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది. హోటల్లో చేరినవారు ముందుగా ఫంక్షన్ ప్రాస్పెక్టస్ చదవడం నేర్చుకోవాలి. అక్కడ అందరూ 'ఎఫ్‌పీ' అనే ఆ కాగితంలో ఎంతమందికి గ్యారంటీ, ఏ సమయానికి టీ, స్టేజీ ఎంత ఎత్తు, బిల్లు ఎవరి పేర అన్నవన్నీ ఉంటాయి. ఎఫ్‌పీలో లేని కుర్చీ హాల్లోకి రాదు. స్టాళ్ల దగ్గర చేరినవారికి మూడు మీటర్ల చదరంలో అల్యూమినియం కడ్డీలతో లేచే షెల్ స్కీమ్ స్టాలూ, ఖాళీ నేలగా అమ్మే రా స్పేసూ ఎలా వేరో ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ కౌంటరు చిన్న పని అనుకునేవారికి నా అనుభవం చెబుతాను. విద్యార్థిగా ఒక వైద్యుల సదస్సులో నాకు బ్యాడ్జీల పని అప్పగించారు. పేర్లను అక్షర క్రమంలో పేర్చి, మూడు కౌంటర్లకు పంచాను. ఉదయం ఎనిమిదిన్నరకు ప్రతినిధులు రావడం మొదలైంది. సగం మంది ఇంటిపేరు ముందు రాసి నమోదు చేసుకున్నారు, సగం మంది చివర రాశారు, కొందరు పొడి అక్షరంతో సరిపెట్టారు. ఒకే పేరున్న శ్రీనివాసులు ఏడుగురు తేలారు. తొమ్మిదింటికి వరస మెట్ల కిందికి చేరింది, లోపల జ్యోతి ప్రజ్వలన ఖాళీ కుర్చీల ముందు జరిగిపోయింది. నిర్వాహకులు ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఆ మౌనం మాటకంటే ఎక్కువే పని చేసింది. ఆ తర్వాత ఎప్పుడు బ్యాడ్జీలు పేర్చినా మొబైల్ నంబరు చివరి నాలుగు అంకెల వరసలోనే పేరుస్తున్నాను.

6. చివరి ఏడాది ప్రాజెక్టును నిజమైన కార్యక్రమంగా చేయండి

ఊహాజనిత సదస్సు మీద వంద పేజీల నివేదిక రాసే వెసులుబాటు చాలాచోట్ల ఉంటుంది, దానికి లొంగకండి. అరవై మందితో ఒక రోజు కార్యక్రమమైనా సరే, మీరే రెక్కీ చేసి (వేదికను ముందే వెళ్లి చూసి), మూడు కొటేషన్లు తెప్పించి, జనరేటరు సామర్థ్యం ఎన్ని కేవీఏ కావాలో ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని లెక్కగట్టి, మినిట్ టు మినిట్ రాసి నడపండి. నిమిషాల వారీ పట్టికలో వక్తకు ఇచ్చిన సమయంతో పాటు, అతను స్టేజీ ఎక్కడానికి, శాలువా కప్పడానికి, ఫొటోకు పట్టే సమయం కూడా వేయాలి. మన సభల్లో సన్మానానికే మనిషికి మూడు నిమిషాలు పోతాయి. కార్యక్రమం అయిన రాత్రే, స్టేజీ విప్పుతుండగానే, అనుకున్న సమయం పక్కన జరిగిన సమయం, అనుకున్న ఖర్చు పక్కన అయిన ఖర్చు రాసుకోండి. మర్నాటికి జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది.

ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఫొటోల ఆల్బమ్‌తో పాటు ఆ పట్టికను కూడా, మీరు స్వయంగా నింపిన ఒక ఎఫ్‌పీ, మీరు గీసిన ఒక హాలు పటం కలిపి, క్లయింట్ల పేర్లు కొట్టివేసి తీసుకువెళ్లండి. పట్టికలో ఎర్ర సిరాతో దిద్దిన చోట ఏం జరిగిందని తప్పకుండా అడుగుతారు.