ఆన్‌లైన్ ఆట మనమే కడదాం – 3వ పాఠం: లెవెళ్ళ మెట్లు

మీ ఆటలో పాత్ర మొదటి రోజు ఏమేం చేయగలదో, నెల తిరిగేసరికి ఏమేం చేయగలగాలో రెండు వరుసల్లో రాయమని గత పాఠంలో చెప్పాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ వారం ఆ రెండు వరుసల మధ్య మెట్లు కడతాం. కాలిక్యులేటర్ ఉంటే చాలు, ఎక్సెల్ వచ్చినవాళ్ళకి ఇంకా తేలిక.

కొత్తగా మొదలుపెట్టే చాలామంది ముందు ఎక్స్‌పీ పట్టిక వేస్తారు. 2వ లెవెల్‌కి వంద, 3వ లెవెల్‌కి రెండొందలు, అలా పైదాకా. ఎక్స్‌పీ అంటే పని చేసినందుకు వచ్చే అనుభవ పాయింట్లని మొదటి పాఠంలోనే చూశాం. నేను కట్టిన మొదటి పట్టిక కూడా అలాంటిదే. ఆడి చూసిన స్నేహితులు దాదాపు అందరూ 12వ లెవెల్ దగ్గరే ఆగిపోయారు. ఎందుకని అడిగితే, "ఎంతసేపు ఆడినా అక్కడే ఉన్నట్టుంది" అన్నారు. పట్టికలో అంకెలు ఉన్నాయి కానీ, ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి మనిషి ఎన్ని నిమిషాలు కూర్చోవాలో ఎక్కడా లేదు. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అదే. మెట్టును ఎక్స్‌పీలో కాదు, నిమిషాల్లో కొలవాలి.

దానికి రూన్‌స్కేప్ మంచి ఉదాహరణ. 2001లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆట ఇది. దాని పాత రూపం 2013 నుంచి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో విడిగా నడుస్తోంది. అందులో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, వంట లాంటి ప్రతి విద్యకూ 99 లెవెళ్ళు ఉంటాయి. లెక్క ఎలా ఉంటుందో చేసి చూద్దాం.

లెవెల్ సంఖ్యను 7తో భాగించండి. 2ను ఆ ఘాతానికి పెంచండి, 300తో గుణించండి, లెవెల్ సంఖ్య కలపండి. దశాంశాలు తీసేసి 4తో భాగించండి. 1వ లెవెల్‌కి చేస్తే 332 బై 4, అంటే 83. ఒకటి నుంచి రెండుకి వెళ్ళడానికి 83 ఎక్స్‌పీ కావాలన్నమాట. ఇలా ఒక్కో లెవెల్‌కి వచ్చినదాన్ని కూడుకుంటూ పోతే 99వ లెవెల్‌కి మొత్తం 1,30,34,431 అవుతుంది.

ఫార్ములా చూసి కంగారు పడకండి, ఇది మనకు తెలిసిన చక్రవడ్డీయే. ఒక్కో మెట్టు ముందు మెట్టు కంటే సుమారు పది శాతం పెద్దది. పది శాతం చక్రవడ్డీకి ఇచ్చిన అసలు ఏడేళ్ళకు దాదాపు రెట్టింపు అవుతుంది కదా, ఇక్కడ ఏడు లెవెళ్ళకు రెట్టింపు అవుతుంది. అందుకే 92వ లెవెల్ చేరినవాడి దగ్గర 65,17,253 ఎక్స్‌పీ ఉంటుంది, దాదాపు సరిగ్గా సగం దారి. ఒకటి నుంచి తొంభై రెండు దాకా పడ్డ శ్రమంతా చివరి ఏడు మెట్లకు మళ్ళీ పడాలి.

ఇప్పుడు అసలు పని, దుంగలు లెక్కపెట్టడం. మామూలు చెట్టు నుంచి ఒక దుంగ కొడితే 25 ఎక్స్‌పీ. నాలుగు దుంగలకే 2వ లెవెల్ వస్తుంది, తెర మీద టపాసులు పేలతాయి. ఆట తెరిచిన కాసేపటికే చిన్న గెలుపు చేతికందుతుంది. 15వ లెవెల్‌కి 2,411 ఎక్స్‌పీ కావాలి, అంటే 97 దుంగలు. అక్కడ ఓక్ చెట్టు కొట్టే అర్హత వస్తుంది, దుంగకు 37.5. ఓక్ ఒక్కటే కొట్టుకుంటూ 30కి వెళ్ళాలంటే 293 దుంగలు. 30 దగ్గర విల్లో, దుంగకు 67.5. 45 చేరడానికి 714. అక్కడ మేపుల్, దుంగకు 100. 60కి 2,123. అక్కడ యూ చెట్టు, దుంగకు 175. 75కి 5,353.

ఈ ఐదు అంకెలు వరుసగా కాగితం మీద రాసి కాసేపు చూడండి: 97, 293, 714, 2,123, 5,353. పదిహేను లెవెళ్ళకోసారి కావాల్సిన ఎక్స్‌పీ నాలుగు రెట్లు దాటి పెరుగుతోంది, కొత్త చెట్టు ఇచ్చేది మాత్రం సుమారు ఒకటిన్నర నుంచి 1.8 రెట్లే పెరుగుతోంది. ఆటగాడికి తగిలే బరువు ఈ రెండింటి మధ్య తేడా. పైగా పెద్ద చెట్లు త్వరగా దుంగ ఇవ్వవు. మంచి గొడ్డలి, పెరిగిన లెవెల్ కొంత సాయం చేస్తాయి కానీ ఆ తేడాను పూర్తిగా పూడ్చవు.

ఇంత కష్టమైనా జనం ఎక్కుతూనే ఉన్నారు. పదిహేనుకోసారి కొత్త చెట్టు కనబడటం ఒక కారణం. నలుగురూ చూడటం రెండో కారణం, నా దృష్టిలో ఇదే పెద్దది. 99 చేరినవాళ్ళు 99,000 నాణేలిచ్చి ఆ విద్య గుర్తున్న కేప్, అంటే భుజాల మీంచి వీపు మీదకి వేలాడే వస్త్రం, కొనుక్కుని వేసుకుంటారు. ఒంటరి ఆటలో ఆ గుడ్డకు విలువ లేదు. బజారులో పదిమంది మధ్య నిలబడితేనే ఉంది. మల్టీప్లేయర్ ఆట కడుతున్నప్పుడు, ఈ మెట్టు ఎక్కినట్టు పక్కవాడికి ఎలా తెలుస్తుంది అని ప్రతి మెట్టు దగ్గరా రాసుకోండి.

ఇక ఆడలేని రోజుల సంగతి. దీని గురించి తక్కువమంది ఆలోచిస్తారు, నాకు మాత్రం చాలా ముఖ్యం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే మరో ఆన్‌లైన్ ఆట 2004 నవంబర్‌లో విడుదలైంది. దాని బీటా రోజుల్లో, అంటే విడుదలకు ముందు కొందరితో ఆడించి చూసిన రోజుల్లో, చాలాసేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి పడిపోయేలా పెట్టారు. మనిషి లేచి విశ్రాంతి తీసుకోవాలని వాళ్ళ ఉద్దేశం. ఆటగాళ్ళు శిక్ష వేశారని మండిపడ్డారు. అప్పుడు తయారీదారులు అదే లెక్కను తిప్పి చెప్పారు. లెవెల్‌కి కావాల్సిన ఎక్స్‌పీ రెట్టింపు చేసి, విశ్రాంతి తీసుకున్నవాడికి 200 శాతం, మిగతావాళ్ళకు 100 శాతం అన్నారు. చేతికొచ్చేది అంతే, పేరు మాత్రం శిక్ష నుంచి బహుమతి అయింది. జనం సంతోషించారు.

ఆ ఆటలో సత్రంలో పాత్రను ఆపి వెళ్తే ఎనిమిది గంటలకు ఒక లెవెల్‌లో 5 శాతం విశ్రాంతి జమవుతుంది, గరిష్ఠంగా ఒకటిన్నర లెవెల్ దాకా. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చిన అమ్మాయికి 60 శాతం లెవెల్ దూరం రెట్టింపు ఎక్స్‌పీ కాచుకుని ఉంటుంది. తోటివాళ్ళు ముందుకెళ్ళిపోయారన్న టెన్షన్ కొంత తగ్గుతుంది. ఉద్యోగం, పిల్లలు, పరీక్షలు ఉన్న మనుషులు మన ఆట ఆడతారు. రోజూ రాకపోతే నష్టం అని బెదిరించి కూర్చోబెట్టే ఆటలు చాలా ఉన్నాయి. మీరు అలాంటిది కట్టకండి.

ఈ వారం అభ్యాసం. మీ ఆటలో ఒక్క విద్య తీసుకుని 20 లెవెళ్ళ పట్టిక వేయండి. నిలువు వరుసలు నాలుగు: కావాల్సిన ఎక్స్‌పీ, ఒక్క పనికి వచ్చే ఎక్స్‌పీ, ఎన్నిసార్లు చేయాలి, ఎన్ని నిమిషాలు. నిమిషాలు ఊహించి రాయొద్దు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక పనిని పదిసార్లు చేసి సగటు తీయండి. మొదటి ఐదు మెట్లు గంటలోపు అయిపోవాలి. 10వ లెవెల్ లోపు ఏ ఒక్క మెట్టయినా ఒక సాయంత్రం కంటే ఎక్కువ తింటుంటే దాన్ని రెండుగా విడగొట్టండి, లేదా అక్కడ కొత్త చెట్టు లాంటిది ఒకటి పెట్టండి.

వచ్చే వారం ఈ పట్టిక మళ్ళీ కావాలి. 18వ లెవెల్‌లో ఉన్న అక్క, 4వ లెవెల్‌లో ఉన్న తమ్ముడు ఒకే గుహలోకి కలిసి వెళ్ళి ఇద్దరూ ఎక్స్‌పీతో బయటికొచ్చేలా దీన్నే సర్దుతాం.