మళ్లీ పెన్సిల్ పట్టి మనిషి ముఖం గీయడం ఎలా?

బడి రోజుల్లో నోటుపుస్తకం చివరి పేజీలో గాంధీ తాతనో, ఎన్టీఆర్ కృష్ణుడినో గీసి "అచ్చు దిగిపోయాడ్రా" అనిపించుకున్నవాళ్లు మనలో చాలామందే. పదో తరగతి రాగానే ఆ సరదా అటకెక్కింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే చెయ్యి త్వరగానే దారికొస్తుంది, చూపే మొరాయిస్తుంది. కన్నంటే ఎలా ఉంటుందో తెలుసుగదా అని, ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా తెలిసిన కన్నే గీసేస్తాం.

ముందు సరంజామా. డజను షేడ్ల డబ్బా చూసి మనసు పారేసుకోకండి. హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్లు (ఇదే వరుసలో లేత నుంచి ముదురు నలుపుకి) ఒక్కోటి, మెత్తని రబ్బరు, ఏ4 సైజు కార్ట్రిడ్జ్ పేపర్ (బొమ్మలకు వాడే మందపాటి కాగితం) పుస్తకం చాలు. జిరాక్స్ కాగితం రెండుసార్లు చెరిపితే లేచిపోతుంది.

మొదటి బొమ్మకు పసిపిల్లల జోలికి పోవద్దు. ఒక్క గీత ఎక్కువైనా పాపకు పదేళ్లు మీదపడతాయి. పళ్లు కనపడే నవ్వూ వద్దు. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు ఒక వైపు నుంచే పడేలా, తిన్నగా ఎదుటి నుంచి ఫోటో తీయండి. ఫ్లాష్ వేశారో, ముక్కు నీడ మాయమై ముఖం అప్పడంలా అయిపోతుంది.

అసలు పని ఇక్కడుంది. హెచ్‌బితో లేతగా కోడిగుడ్డు ఆకారం గీసి, నడినెత్తికీ గడ్డం కొసకూ సరిగ్గా సగంలో అడ్డగీత పెట్టండి. కళ్లు దాదాపు ఆ గీత మీదకే వస్తాయి. నమ్మబుద్ధి కాకపోతే ఫోటో మీద స్కేలు పెట్టి చూసుకోండి. జుట్టు కింద తల ఎంత ఉందో పట్టించుకోక అందరం కళ్లను పైకి నెట్టేస్తాం. రెండు కళ్ల నడుమ ఇంచుమించు ఇంకో కన్ను పట్టే చోటుంటుంది. చెవులు కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా. వయసు పైబడినవాళ్లకైతే ఇంకాస్త కిందికి సాగి ఉంటాయి. ఇవన్నీ సగటు లెక్కలే. మీ తాతయ్య ముఖం ఈ లెక్క ఎక్కడ తప్పిందో పోలిక అక్కడే దొరుకుతుంది. ముక్కు పొడుగా, పైపెదవి మీద జాగా తక్కువా? ముందు అది పట్టుకోండి.

కొలత కుదరకపోతే చిన్నప్పటిలా గళ్లు గీసుకోండి, నామోషీ ఏం లేదు. చేత్తో సినిమా బ్యానర్లు వేసినవాళ్లూ చిన్న స్టిల్‌ను ఇలాగే పెంచేవారు. ఫోటో ప్రింటు మీద సెంటీమీటరు గడికి కాగితం మీద రెండు సెంటీమీటర్లు. గడిలో ఉన్నది ముక్కో కన్నో మరచిపోయి, గీత అంచును ఎక్కడ దాటిందో అదొక్కటే చూడండి.

తర్వాత నీడలు. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి తెలుపు, బూడిద, నలుపు మిగులుతాయి. బూడిద 2బితో నింపి, కనుపాపలు, ముక్కుపుటాలు, పెదాలు కలిసే చోటు 6బికి వదిలేయండి. కంట్లో మెరుపు చుక్క కాగితం తెలుపే. వేలితో రుద్దితే జిడ్డు అంటి మరక పడుతుంది. అరచేతి కింద ఒక కాగితం ఉంచుకోండి.

రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో కాసేపు గడపండి. 28 ఏళ్లు నిండకముందే 1925లో కన్నుమూసిన ఆయన మనుషులను ఎంత నింపాదిగా చూశాడో తెలుస్తుంది.

బొమ్మ చూపించగానే తాతయ్య "నా ముక్కు ఇంతుందా?" అంటారు. చెరపకండి. కింద తేదీ వేసి, పెన్సిల్ పొడి పక్క పేజీకి అంటకుండా బటర్ పేపర్ పెట్టి, ఈసారి ఆయన్ను పక్క నుంచి గీయండి.