మొదటి అడుగుల్లో వేగం ఎలా పెరిగింది: నా అనుభవం

బేస్‌బాల్‌లో రెండు బేస్‌ల (రన్నర్ ఒకదాని తర్వాత ఒకటి చేరాల్సిన చోట్ల) మధ్య దూరం 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు. పూర్తి వేగం అందుకునే లోపే బేస్ వచ్చేస్తుంది. నాకు పరుగు మధ్యలో ఇబ్బంది ఉండేది కాదు, బయలుదేరే మొదటి నాలుగైదు అడుగులే బరువుగా పడేవి. రెండో బేస్ దొంగిలించాలంటే (బంతి విసిరే పిచ్చర్ కదలగానే, బ్యాటర్ కొట్టే వరకూ ఆగకుండా పరుగెత్తి దాన్ని చేరుకోవాలంటే) టెన్షన్.

ఆ అడుగుల్లో కాలు నేలను ఎంత గట్టిగా వెనక్కి నెడితే ఒళ్లు అంత ముందుకు పోతుంది. అందుకే ఎక్కువ సార్లు చేసే తేలిక వ్యాయామాలు తగ్గించి, బరువు పెంచాను. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిటారుగా నిలబడే వరకు ఎత్తడం) సెట్‌కి మూడు నుంచి ఐదు సార్లే, సెట్‌కీ సెట్‌కీ మధ్య బాగా విశ్రాంతి. దాంతోపాటు ఒంటికాలి స్ప్లిట్ స్క్వాట్, అంటే ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి ముందు కాలి మీద భారం వేసి కిందికి దిగి లేవడం. పరుగులో ఒక్కో అడుగూ ఒంటికాలి మీదే కదా! బరువున్న స్లెడ్‌ను (నేల మీద జారే చక్రాల్లేని బండిని) తోయడం నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే ఒళ్లు ముందుకు వాలే కోణం అందులో దానంతటదే అలవాటవుతుంది.

తొడ వెనక కండరాల కోసం నార్డిక్ కర్ల్ (మోకాళ్ల మీద ఉండి, మడమలు కదలకుండా పట్టి ఉంచి, ఒంటిని మెల్లగా ముందుకు దించడం) కూడా చేర్చాను. మొదట్లో ఒళ్లు నొప్పులు తప్పవు, కొద్దికొద్దిగా పెంచండి.

బేస్ మీద రన్నర్ పక్కకు తిరిగి నిలబడి బయలుదేరతాడు. కాబట్టి పక్కకు లంజ్‌లు (పెద్ద అడుగు వేసి ఆ మోకాలు వంచడం), ఆ భంగిమ నుంచే పది గజాల స్ప్రింట్‌లు చేశాను. స్ప్రింట్‌లు ఎప్పుడూ బరువులకు ముందే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే.

ఇప్పుడు పిచ్చర్ కదలగానే నా తొలి అడుగు పదునుగా పడుతోంది.