అలిపిరి నడకదారి: గాలి గోపురం దాటితే సగం గెలిచినట్టే

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. లెక్క చూసి జంకకండి. కష్టంలో ఎక్కువ పాలు మొదట్లోనే ఉంది. రెండు వేల పైచిలుకు మెట్లెక్కితే గాలి గోపురం. అక్కడి నుంచి మోకాళ్ల మెట్టు దాకా దారి చాలావరకు కొండ నెత్తిమీద తేలిగ్గా సాగుతుంది. తిరుమలకున్న మరో నడకదారి శ్రీవారి మెట్టు 2,388 మెట్లే అయినా నిలువుగా ఎక్కడమే తప్ప ఈ తీరుబడి నడక ఉండదు.

దారి తెరిచే వేళలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి. తెరవగానే బయల్దేరితే ఎండెక్కేలోగా గాలి గోపురం చేరొచ్చు. బరువు సంచులు అలిపిరిలో లగేజీ కౌంటర్‌లో ఇచ్చేయండి, ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు మాత్రం భద్రం. ప్లాస్టిక్ సీసాలు వద్దంటారు కాబట్టి లీటరు పట్టే స్టీలు సీసా తెచ్చుకోండి. నీళ్లు దారిలో పట్టుకోవచ్చు.

మొదటి ఎక్కుడులో వంద మెట్లకోసారి నిలబడి ఊపిరి పీల్చుకోండి. ఎక్కువసేపు కూర్చుంటే పిక్కలు పట్టేస్తాయి. కుర్రాళ్లు మొదటి ఐదొందల మెట్లు పరుగెత్తి ఆనక కూలబడటం ఇక్కడ రోజూ ఉండే తమాషానే. మొక్కున్నవాళ్లు మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తారు. తడి పసుపు జారుతుంది, కర్పూరం పెట్టిన చోటు వట్టికాళ్లకు చురుక్కుమంటుంది. అందుకే మెట్టు మధ్యన కాక ఓ పక్కగా నడవండి.

పచ్చిక బయళ్ల నిండా పూలుంటాయని మాత్రం ఆశపడొద్దు. శేషాచలంలో పూలు చూడాలంటే తలెత్తాలి. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలిన కొమ్మల మీద కొండగోగు పసుపుపచ్చగా, మోదుగ నిప్పుకణికల్లా పూస్తాయి. ఎండలు ముదిరాక రేల గుత్తులు వేలాడతాయి. కొండలు పచ్చగా, లోయలో మబ్బులు కమ్మి కనబడాలంటే నవంబరు, డిసెంబరు మంచిది. కానీ వాయుగుండం పట్టినప్పుడు రావద్దు, రాళ్లు జారిపడతాయి.

పువ్వు కోసమైనా, ఫొటో కోసమైనా దారి దిగి అడవిలోకి పోకండి. 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుత ఒక చిన్నారిని చంపేసింది. పిల్లలను చెయ్యి వదలకుండా, పదిమందితో కలిసి నడిపించండి. జింకలకూ కోతులకూ ఏమీ పెట్టొద్దు.

ఘాట్ రోడ్డు పక్కన అవ్వాచారి కోన లోయ కనబడేచోట కాస్త ఆగి, ఓ చిక్కీ తిని సత్తువ కూడదీసుకోండి. ముందున్నది మోకాళ్ల మెట్టు, మళ్లీ నిటారు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడంకన్నా దిగడమే చేటు, తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో పెట్టుకోండి.